ఊపిరి లెక్కించడానికి ఒక నిమిషం

ఆసుపత్రి ఎలా నడుస్తోందో తెలియాలంటే మంచానికి వేలాడే చార్టు తీసి ఒక్క గడి చూస్తే చాలు. జ్వరం, నాడి, బీపీల పక్కన ఊపిరి లెక్క రాసే గడి ఉంటుంది. రోగి నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో అందులో రాయాలి. వరసగా పది మంచాల చార్టులు తిరగేస్తే చాలాచోట్ల పదింటిలోనూ 20 అనే ఉంటుంది. న్యుమోనియాతో ఎగశ్వాస పీలుస్తున్న ముసలాయనకీ 20, హెర్నియా ఆపరేషనయి రేపో మాపో ఇంటికెళ్లే కుర్రాడికీ 20.

మిగతా అంకెలన్నీ యంత్రాలు చెబుతాయి. బీపీ మిషను ఉంది, వేలికి తగిలించే ఆక్సీమీటరు ఉంది. మామూలు వార్డులో ఊపిరికి మాత్రం యంత్రం లేదు. గడియారం చూసుకుంటూ, రోగికి చెప్పకుండా (చెబితే ఊపిరి తీసే తీరు మార్చేస్తాడు), ఛాతీ ఎగసి పడడాన్ని నిండు నిమిషం లెక్కపెట్టాలి. పెద్దవాళ్లకు 12 నుంచి 20 మామూలు. 25కి చేరితే డాక్టరుకు ఫోను వెళ్లాల్సిందే. రక్తంలో ఇన్ఫెక్షన్ పాకినా, కడుపులో లోలోపల రక్తం కారుతున్నా, షుగరు పెరిగి ఒంట్లో ఆమ్లాలు చేరినా ముందు పెరిగేది ఊపిరే. బీపీ పడిపోయేది ఆ తర్వాత, చాలాసార్లు కొన్ని గంటల తర్వాత. ఆక్సిజన్ పెట్టి ఉన్న రోగికి ఆక్సీమీటరు రక్తంలో ఆక్సిజన్ 97 శాతమని చూపిస్తూ ఉంటుంది, మనిషి మాత్రం నిమిషానికి 34 సార్లు రొప్పుతూ ఉంటాడు. ఆ 97ను చూసి నిశ్చింతగా ఉంటే తెల్లారేసరికి పరిస్థితి చెయ్యి దాటిపోతుంది.

డాక్టరు రౌండ్సుకు వచ్చి మంచం దగ్గర నిలబడేది కొన్ని నిమిషాలు. రెండు రౌండ్సుల మధ్య జరిగేదంతా నర్సు కళ్ల ముందే జరుగుతుంది. మంచి వైద్యం అంటే కొత్త బిల్డింగూ స్కానింగూ అనుకోవడం మనకు అలవాటైంది. ఆ మధ్య గంటల్లో రోగిని నిలబడి చూసే తీరిక నర్సుకు ఉందా లేదా అన్నదే ఈ వ్యాసం దృష్టిలో అసలు కొలత. లెక్కపెట్టకుండానే 20 రాసిన సిస్టరును తప్పుపట్టే ముందు ఆమె చేతిలో ఎన్ని నిమిషాలున్నాయో చూడాలి.

నలభై పడకలకు రాత్రి ఇద్దరు

ప్రభుత్వాసుపత్రుల్లో ఉదయం డ్యూటీ 8 నుంచి 2 వరకు, మధ్యాహ్నం డ్యూటీ 2 నుంచి రాత్రి 8 వరకు, నైట్ డ్యూటీ రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మిగతా ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలి. సెలవుల కోసం మరో 30 శాతం కలపాలి. వినడానికి బాగానే ఉంటుంది. ఐదుగురికి ఒకరంటే ఎప్పుడు వెళ్లినా ఐదు మంచాలకు ఒక సిస్టరు కనిపిస్తుందనుకుంటారు చాలామంది. అది మొత్తం పోస్టుల లెక్క, ఒక్కో డ్యూటీలో ఉండేవారి లెక్క కాదు.

అమలాపురం, పాలకొల్లు లాంటి పట్టణంలో 40 పడకల మెడికల్ వార్డు ఉందనుకుందాం. ఐదుకు ఒకరు చొప్పున ఎనిమిది మంది, 30 శాతం కలిపితే పది మంది పైచిలుకు. వారాంతపు సెలవులు, పండగలు, సీఎల్, ఈఎల్ తీసేస్తే ఒక నర్సు ఏడాదికి దాదాపు 245 రోజులు పనిచేస్తుంది. సగటున రోజుకు 8 గంటలు వేసుకుంటే 1,960 గంటలు. ఏడాదికి 8,760 గంటలు. అంటే ఒక్క కుర్చీలో ఇరవై నాలుగు గంటలూ మనిషి ఉండాలంటే నలుగురున్నర కావాలి. ఈ లెక్కన పది మందితో ఉదయం ముగ్గురిని, మధ్యాహ్నం ఇద్దరిని, రాత్రి ఇద్దరిని మాత్రమే వేయగలరు. పోస్టులన్నీ నిండి, ఎవరూ ప్రసూతి సెలవులో లేకుండా, ఎవరినీ డిప్యుటేషన్ మీద పంపకుండా ఉంటేనే రాత్రికి ఆ ఇద్దరు. ప్రమాణం అక్షరాలా అమలైనా రాత్రిపూట ఒక్కో సిస్టరుకు ఇరవై మంది రోగులు ఉంటారు.

ఇప్పుడు మధ్యాహ్నం డ్యూటీని నిమిషాల్లో చూద్దాం. ఇరవై మంది రోగులు, 360 నిమిషాలు. ఛార్జి (డ్యూటీ మారేటప్పుడు రోగుల బాధ్యత) తీసుకోవడానికి, ఇవ్వడానికి కలిపి 40 నిమిషాలు. అందరికీ ఒక్కసారి జ్వరం, నాడి, బీపీ, ఆక్సిజన్, ఊపిరి నిజంగా చూస్తే మనిషికి నాలుగున్నర నిమిషాలు, మొత్తం 90. సాయంత్రం ఇంజక్షన్లు, మాత్రలు మనిషికి నాలుగు నిమిషాల చొప్పున 80. కేస్ షీట్లు రాయడం 40. కొత్త అడ్మిషన్లు మూడు వస్తే కాన్యులా (సెలైను ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) పెట్టి, రక్తం తీసి, మందులు మొదలుపెట్టేసరికి 75. ఇప్పటికే 325 అయ్యాయి. సెలైను అయిపోయిందని పిలుపులు, ల్యాబుకు ఫోన్లు, స్టోరుకు ఇండెంట్ (కావాల్సిన సామాను చీటీ), దుప్పట్ల లెక్క, ఆరోగ్యశ్రీ (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ) కాగితాలకు ఫొటోలు, స్ట్రెచరు కోసం వెతుకులాట, అన్నీ మిగిలిన 35 నిమిషాల్లోనే జరగాలి. ఆ రోజు రెండో సిస్టరు రాకపోతే పని 600 నిమిషాలు దాటుతుంది, చేతిలో ఉన్నవి మాత్రం అవే 360. ఏదో ఒకటి వదిలేయక తప్పదు. ఇంజక్షన్ వదిలేస్తే అటెండెంట్లు అడుగుతారు, సెలైను ఆగిపోతే గొడవవుతుంది. ఊపిరి లెక్కపెట్టలేదని మాత్రం ఎవరూ అడగరు. కాబట్టి ఆ గడిలో 20 పడుతుంది.

అందుకే ఆసుపత్రి మెరుగుపడాలంటే రెండు దారులే ఉన్నాయి: నర్సుల సంఖ్య పెంచడం, నర్సు చేయనక్కర్లేని పనిని ఆమె చేతుల్లోంచి తీసేయడం. రెండోదానికి పెద్దగా డబ్బు కూడా అక్కర్లేదు. ఇండెంట్లు, దుప్పట్లు, ఆక్సిజన్ సిలిండర్ల లెక్క, ఆరోగ్యశ్రీ అప్‌లోడింగు చూసుకోవడానికి మూడు వార్డులకు కలిపి ఒక వార్డు క్లర్కును పెడితే ప్రతి డ్యూటీలో అరగంట, ముప్పావు గంట మళ్లీ మంచం దగ్గరికి చేరుతుంది. ఎంఎన్‌ఓ, ఎఫ్‌ఎన్‌ఓ (వార్డులో సాయం చేసే మగ, ఆడ ఆర్డర్లీలు) పోస్టులు ఖాళీగా ఉంటే బెడ్‌పాన్ దగ్గర నుంచి శవాన్ని మార్చురీకి పంపడం దాకా అన్నీ నర్సు మీదే పడతాయి. ఆ ఖాళీలను చిన్న ఉద్యోగాల ఖాళీలుగా చూడడం పొరపాటు.

డెల్టా తెచ్చే కేసులు

గోదావరి జిల్లాల క్యాజువాలిటీకి వచ్చే కేసుల్లో ఈ నేల గుర్తులు కనిపిస్తాయి. వరిచేలలో, కొబ్బరితోటల్లో పాముకాట్లు. పురుగుమందు తాగినవాళ్లు. కొబ్బరిచెట్టు మీద నుంచి జారిపడిన దింపు కార్మికులు. రొయ్యల చెరువుల దగ్గర ఏరియేటర్ల (నీటిలో గాలి కలిపే మిషన్ల) కరెంటు షాకులు. వీటన్నిటిలోనూ మొదటి ఆరు గంటల్లో నర్సు చేతిపని మీద చాలా ఆధారపడి ఉంటుంది.

పాముకాటునే తీసుకుందాం. రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. అది తెలుసుకోవడానికి పెద్ద ల్యాబు అక్కర్లేదు. కొత్త, పొడి గాజు ట్యూబులో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. రక్తం జారితే విషం ఎక్కినట్టే. ఇంత తేలికైన పరీక్ష కూడా మూడు రకాలుగా చెడుతుంది. ప్లాస్టిక్ ట్యూబు వాడితే రక్తం మామూలుగా గడ్డకట్టదు, విషం లేనివాడికీ ఉన్నట్టు చూపిస్తుంది. సబ్బుతో కడిగిన పాత గాజు ట్యూబైనా అంతే. ఇక ఐదో నిమిషానికి ఒకరు, పదో నిమిషానికి ఒకరు వచ్చి ‘కట్టిందా లేదా’ అని ఊపి చూస్తే ఆ ఫలితాన్ని నమ్మడానికే లేదు. ట్యూబు మీద టైము రాసి, ఎవరూ ముట్టుకోని చోట పెట్టాలి. మొదటి పరీక్షలో రక్తం గడ్డకట్టినా అక్కడితో ఊరుకోకూడదు, తర్వాతి గంటల్లో మళ్లీ మళ్లీ చేయాలి.

విషం ఎక్కిందని తేలితే మొదటి విడతగా యాంటీ స్నేక్ వీనం (పాము విషానికి విరుగుడు) 10 వయల్స్, అంటే చిన్న సీసాలు. పొడి రూపంలో ఉండే ఒక్కో వయల్‌ను 10 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటరుతో కలపాలి. తొందరలో గట్టిగా కుదిపితే నురగ వస్తుంది, మందు పాడవుతుంది. వయల్‌ను రెండు అరచేతుల మధ్య నెమ్మదిగా తిప్పాలి. పది వయల్స్ ఇలా కలపడం ఒక మనిషికి పావుగంట, ఇరవై నిమిషాల పని. తర్వాత సెలైనులో కలిపి గంటలో ఎక్కించాలి. ఈ మందు పడక కొందరికి దద్దుర్లు, వణుకు వస్తాయి, బీపీ పడిపోతుంది, ఊపిరి బిగుసుకుంటుంది. కాబట్టి డ్రిప్ మొదలుపెట్టక ముందే అడ్రినలిన్ 0.5 మిల్లీగ్రాములు సిరంజిలోకి తీసి, లేబుల్ వేసి, మంచం పక్కనే పెట్టుకోవాలి. మొదటి అరగంట ప్రతి ఐదు నిమిషాలకు, ఆ తర్వాత రెండు గంటలు పావుగంటకోసారి చూడాలి. ఆ సేపు ఒక సిస్టరు ఆ ఒక్క రోగికే అంకితమవుతుంది. రాత్రి ఇద్దరే ఉన్న చోట మిగతా ముప్పై తొమ్మిది మంది రెండో ఆమె మీద పడతారు.

కట్లపాము సంగతి వేరు. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు, కాటు గుర్తు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి అని వస్తారు, గ్యాసని ఇంజక్షన్ చేసి పంపేసే ప్రమాదం ఉంటుంది. కనురెప్పలు బరువుగా వాలుతున్నాయా, ఒక్క ఊపిరిలో ఎంతవరకు అంకెలు లెక్కపెట్టగలుగుతున్నాడు అన్న రెండూ చూస్తే ఆనవాలు దొరుకుతుంది. గంట కిందట 25 దాకా లెక్కపెట్టిన మనిషి ఇప్పుడు 12 దగ్గర ఆగితే ఊపిరి కండరాలు చచ్చుబడుతున్నట్టే. అప్పుడు వెంటిలేటరున్న చోటికి పంపే ఏర్పాటు చూడాలి. కోనసీమ నుంచి కాకినాడ పెద్దాసుపత్రికి ఎదుర్లంక వంతెన మీదుగా గంటన్నర పైనే పట్టొచ్చు. ‘తెల్లారాక చూద్దాం’ అనుకోవడానికి వీల్లేదు. బంధువులు కాలికి బిగించి కట్టిన తాడును వచ్చీరాగానే కోసేయడం కూడా తప్పే. సెలైను లైను పెట్టి, వీనం మొదలయ్యాక, డాక్టరు పక్కనుండగా వదులు చేయాలి.

పురుగుమందు కేసులో నర్సు అడగాల్సిన మొదటి మాట ‘డబ్బా తెచ్చారా?’ అని. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేటు రకం మందైతే అట్రోపిన్ అనే విరుగుడు కావాలి. పారాక్వాట్ రకం గడ్డిమందైతే అట్రోపిన్ పనికిరాదు, పైగా అలవాటు కొద్దీ ముక్కుకు ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులు ఇంకా దెబ్బతింటాయి. ఆక్సిజన్ బాగా పడిపోతేనే, అదీ డాక్టరు చెబితేనే పెట్టాలి. వచ్చినవాళ్లు హడావిడిలో ‘చేలో కొట్టే మందండి’ అని ఊరుకుంటారు. వాళ్లలో ఒకరిని బండి మీద పంపి డబ్బా తెప్పించడానికి పట్టే అరగంట వృథా కాదు.

ఆర్గానోఫాస్ఫేటుకు అట్రోపిన్ మొదటి మోతాదు 1.8 నుంచి 3 మిల్లీగ్రాములు. ఒక ఆంపూల్లో ఉండేది 0.6 మిల్లీగ్రాములే. అంటే మూడు నుంచి ఐదు ఆంపూళ్లు. ఛాతీలో గురగుర తగ్గకపోతే ప్రతి ఐదు నిమిషాలకు మోతాదు రెట్టింపు చేస్తూ పోవాలి: ఐదు, పది, ఇరవై. పావుగంట తిరక్కుండానే ముప్పై అయిదు ఆంపూళ్లు విరగ్గొట్టాలి. క్యాజువాలిటీ ట్రేలో పది పెట్టుకుని కూర్చుంటే చాలవు. చంకలు పొడిబారి, ఛాతీ శుభ్రమై, నాడి 80 దాటితే సరిపోయినట్టు. కనుపాప విచ్చుకుంటే చాలనుకుని ఆపేస్తే రోగి మళ్లీ తన ఉమ్ములోనే మునిగిపోతాడు. ఎక్కువైపోతే జ్వరం, పిచ్చి మాటలు, మూత్రం బిగపట్టడం మొదలవుతాయి. మందు తడిసిన బట్టలు విప్పించి సబ్బునీళ్లతో ఒళ్లంతా, జుట్టుతో సహా కడగాలి. కడిగేవాళ్లకు గ్లవుజులు తప్పనిసరి.

రోగి లేచి కూర్చుని కాఫీ అడిగాక అసలు ప్రమాదం పొంచి ఉంటుంది. మొదటి రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి మెడ కండరాలు, వాటి వెంట ఊపిరి కండరాలు చచ్చుబడతాయి. దీన్ని పట్టుకునే పరీక్షకు ఖర్చేమీ లేదు. ప్రతి డ్యూటీలో ‘దిండు మీద నుంచి తల ఎత్తండి’ అనడమే. నిన్న ఎత్తినవాడు ఈ రోజు ఎత్తలేకపోతే ఐసీయూకు మార్చాలి. తల ఎత్తించి చూసే సిస్టరు ఉన్న వార్డులో ఈ చావులు తగ్గుతాయి.

చెట్టు మీద నుంచి పడిన మనిషిని మంచం మార్చడానికి నలుగురు కావాలి. ఒకరు తల, మెడ పట్టుకుని మాట చెబితే మిగతా ముగ్గురు ఒంటిని దుంగలా ఒకేసారి తిప్పాలి. ఇద్దరితో భుజాలు, కాళ్లు పట్టి ఎత్తితే విరిగిన వెన్నుపూస నరాన్ని కోస్తుంది. ఆ తర్వాత కాళ్లు పడిపోయిన ఆ మనిషినే రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వారంలోపే తుంటి దగ్గర పుండు పడుతుంది. ఇక కరెంటు షాకు కేసులో చర్మం మీద చిన్న మచ్చే ఉంటుంది, లోపల కండ కాలిపోయి మూత్రం టీ డికాషన్ రంగులో వస్తుంది. మూత్రం రంగు చూసి రాయడం, ఈసీజీ తీయించడం మరవకూడదు.

రంగు మూతల సిరంజీలు

మందుల పొరపాట్లను మనుషుల అజాగ్రత్త కింద జమ కట్టేస్తాం. నిజానికి చాలావరకు అవి సామాను అమరికలోనే ఉంటాయి. మన దేశంలో ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది: మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ రంగు మూత సిరంజి. వంద యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజిలో 10 గీత వరకు లాగితే ఒంట్లోకి వెళ్లేది 25 యూనిట్లు. అర్ధరాత్రి రోగి చెమటలు పట్టి మగతగా పడి ఉంటే నిద్రపోతున్నాడని అనుకుంటారు. ఒక వార్డులో ఒకే బలం ఇన్సులిన్, దానికి తగ్గ సిరంజీలు మాత్రమే ఉంచితే ఈ పొరపాటుకు తావే ఉండదు.

పొటాషియం క్లోరైడు ఆంపూలూ డిస్టిల్డ్ వాటరు ఆంపూలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పొటాషియం నేరుగా నరంలోకి వెళితే గుండె ఆగుతుంది. దాన్ని ఇంజక్షన్ ట్రే దరిదాపుల్లో ఉంచకూడదు. వేరే తాళం, వేరే డబ్బా, ఎర్ర లేబుల్ ఉండాలి. ఏ సిస్టరైనా నైట్ డ్యూటీలో పదో గంటకు కళ్లు మూతలు పడుతుండగా లేబుల్ చదవాల్సి వస్తుంది. డబ్బాల అమరిక ఆ గంటను దృష్టిలో పెట్టుకుని చేయాలి.

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టడం వల్ల చాలామంది నర్సులకు సూది గుచ్చుకుంటుంది. వాడిన సూదులు వేసే తెల్లటి డబ్బా మంచం దగ్గరకు చేరకపోవడమే దానికి మూలం. గుచ్చుకున్నప్పుడు పిండకూడదు, సబ్బునీళ్లతో కడగాలి, రోగి రక్తం పరీక్షకు పంపాలి. హెచ్‌ఐవీ సోకకుండా వాడే మందు అవసరమైతే వీలైనంత త్వరగా, 72 గంటల లోపే మొదలవ్వాలి. ఆదివారం రాత్రి గుచ్చుకుంటే ఆ మందు తాళం ఎవరి దగ్గరుందో తెలియని ఆసుపత్రి తన నర్సులను కాపాడుతున్నట్టు కాదు.

లేబర్ రూములో రెండు గంటలు

బిడ్డ బయటపడిన నిమిషంలోపు తల్లికి గర్భసంచిని గట్టిపరిచే ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకు ఇవ్వాలి. అందరూ ఇస్తారు. కానీ ఆ మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మే నెల ఎండలో ట్రేలో రోజుల తరబడి పడి ఉన్న ఆంపూల్‌లో బలం తగ్గిపోతుంది. ఇచ్చామని రాస్తారు, గర్భసంచి మాత్రం గట్టిపడదు. ప్రసవమయ్యాక మొదటి రెండు గంటలు పావుగంటకోసారి నాడి, బీపీ, గర్భసంచి గట్టిదనం, రక్తస్రావం చూడాలి. బట్టల్లో ఇంకిన రక్తాన్ని కంటితో అంచనా వేస్తే దాదాపు ఎప్పుడూ తక్కువే వేస్తారు. తడిసిన బట్టలు తూచి, పొడి బట్టల బరువు తీసేస్తే గ్రాముకు ఒక మిల్లీలీటరు చొప్పున లెక్క వస్తుంది. 500 మిల్లీలీటర్లు దాటితే ఇక ఆలోచించేది లేదు: గర్భసంచి మర్దన, ఇంకొంత ఆక్సిటోసిన్, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము, సెలైను, డాక్టరు పరీక్ష, అన్నీ ఒకేసారి మొదలవ్వాలి. తల్లి పక్కన రెండు గంటలు మనిషి ఉండడం లేబర్ రూములో అన్నిటికన్నా కష్టమైన పని, ఎందుకంటే ఆ సమయానికి పక్క బల్ల మీద ఇంకో ప్రసవం నడుస్తూ ఉంటుంది.

లంకల్లో ఏఎన్‌ఎం

పట్టణం నర్సుకు నిమిషాలు చాలవు, లంక గ్రామాల ఏఎన్‌ఎంకు (ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్తకు) దారి ఉండదు. పి.గన్నవరం మండలంలో బూరుగులంక, ఊడిమూడిలంక, గంటిపెదపూడిలంక, అరిగెలవారిపేటల వాళ్లు వరద వస్తే పడవల మీదే దాటాలి. కనకాయలంక కాజ్‌వే, అప్పనపల్లి కాజ్‌వే మునుగుతాయి. సఖినేటిపల్లి, నరసాపురం రేవుల మధ్య పంటు (మనుషులను, బళ్లను దాటించే పెద్ద పడవ) ఆగిపోతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మూడోది వచ్చాక గర్భిణులను పడవలెక్కించడం చాలా ఆలస్యం. మొదటి హెచ్చరిక నాటికే కాన్పు తేదీ మూడు, నాలుగు వారాల్లో ఉన్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు, రక్తం తక్కువున్నవాళ్లు ఒడ్డు చేరాలి. 2022 జులైలో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగినప్పుడు లంకలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వాళ్లను ముందే ఒడ్డు చేర్చాలంటే జూన్ నెలాఖరుకే వాళ్ల పేర్ల జాబితా కాగితం మీద ఉండాలి. ఫోనులోని యాప్ మీద ఆధారపడకూడదు, కరెంటూ సిగ్నలూ మొదటిరోజే పోతాయి. గర్భిణులతో పాటు డయాలిసిస్‌కు వెళ్లేవాళ్లు, ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, టీబీ మందు వాడేవాళ్ల పేర్లు కూడా అందులో ఉండాలి. బీపీ, షుగరు, టీబీ మాత్రలు నెలకు సరిపడా ముందే ఇచ్చేయాలి.

టీకా డబ్బాలో నాలుగు ఐసు ప్యాకులు పెడతారు. ఫ్రీజర్‌లోంచి తీసినవి తీసినట్టే పెడితే పెంటావాలెంట్, హెపటైటిస్ బి లాంటి టీకాలు గడ్డకట్టి పనికిరాకుండా పోతాయి. ప్యాకు ఊపినప్పుడు లోపల నీళ్ల చప్పుడు వినిపించే దాకా బయట ఉంచి అప్పుడు సర్దాలి. ఎండకు చెడిపోతుందన్న భయమే అందరికీ ఉంటుంది, చలికి చెడిపోయే టీకాలే ఎక్కువ మోసం చేస్తాయి, చూస్తే తేడా తెలియదు కాబట్టి. కలిపిన మీజిల్స్ రుబెల్లా, బీసీజీ టీకాలను నాలుగు గంటలు దాటితే పారేయాలి. పడవ కోసం రేవులో గంటన్నర నిలబడాల్సిన ఊళ్లలో టీకా కలిపేది అవతలి ఒడ్డుకు చేరాకే.

అదే ఏఎన్‌ఎం ఇంటికొచ్చాక ఆర్‌సీహెచ్ పోర్టల్ (తల్లీబిడ్డల వివరాలు), యూ-విన్ (టీకాల వివరాలు), బీపీ షుగరు సర్వే యాప్‌లు నింపాలి. రిజిస్టరులో రాసిందే మళ్లీ ఫోనులో, ఫోనులో ఎక్కించిందే మళ్లీ మీటింగుకు ఎక్సెల్లో. ఒకే సమాచారం మూడుసార్లు రాయించడం వల్ల ఇల్లిల్లూ తిరిగే సమయం తగ్గుతుంది, ఇంకేమీ పెరగదు.

ఆ మనిషి బతుకు

మధ్యాహ్నం డ్యూటీ రాత్రి 8కి ముగుస్తుంది. ఛార్జి ఇచ్చి బయటపడేసరికి ఎనిమిదిన్నర. కాకినాడ నుంచి రామచంద్రపురం వైపో, రాజోలు నుంచి లోపలి పల్లెలకో వెళ్లే ఆడమనిషికి ఆ తర్వాత బస్సులు తక్కువ. ఛార్జి ఇవ్వడం అరకొరగా సాగడానికి ఇదీ ఒక కారణం. రోగి వివరాలు చెబుతున్న సిస్టరు ఒక కన్ను గడియారం మీద వేసి ఉంటుంది. డ్యూటీ మార్పును బస్సు వేళలకు తగ్గట్టు ఒక అరగంట ముందుకు జరపడానికి జీవో కూడా అక్కర్లేదేమో, ఆసుపత్రి స్థాయిలోనే తేల్చుకోవచ్చు. వార్డులో ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి లేక నీళ్లు తాగడం మానేసి మూత్రంలో ఇన్ఫెక్షన్లు తెచ్చుకునేవాళ్లు, నిలబడి నిలబడి కాళ్ల నరాలు ఉబ్బినవాళ్లు, మంచాలెత్తి నడుం పడిపోయినవాళ్లు ప్రతి ఆసుపత్రిలో ఉన్నారు.

జీతం మాట చెప్పకుండా ఈ విషయం పూర్తికాదు. ప్రైవేటు నర్సుల జీతాలపై సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ 2016లో సిఫార్సులు ఇచ్చింది. 200 పడకలు దాటిన ఆసుపత్రుల్లో ప్రభుత్వ నర్సుతో సమానంగా, 100 పైబడితే పది శాతానికి మించి తగ్గకుండా, 50 నుంచి 100 పడకలైతే ఇరవై అయిదు శాతానికి మించి తగ్గకుండా, 50 లోపు పడకల చోట కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలని చెప్పింది. భీమవరం, తణుకు, అమలాపురం వీధుల్లోని నర్సింగ్ హోములు చాలావరకు ఆఖరి వర్గంలోకి వస్తాయి. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) మూడేళ్లు, లేదా బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు చదివిన పిల్లకు అంతకంటే బాగా తక్కువ చేతికొస్తున్నప్పుడు ఆమె హైదరాబాదుకో గల్ఫ్‌కో వెళ్లడాన్ని తప్పుపట్టలేం. ఆమె ఖాళీ చేసిన చోట ఇంటర్ చదివి, చూసి నేర్చుకున్న అమ్మాయిని తెల్లకోటు వేయించి నిలబెడతారు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, కానీ ఊపిరి 28 ఉంటే ఎందుకు భయపడాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. రాష్ట్ర నర్సులు, మిడ్‌వైవ్స్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగే హక్కు రోగికి ఉంది, అడగాలి కూడా.

గొడవల సంగతీ ఉంది. రోగి పోతే కోపం మొదట తగిలేది ఎదురుగా ఉన్న సిస్టరుకే. ఆసుపత్రి సిబ్బందిపై దాడికి మూడేళ్ల వరకు జైలు శిక్ష పడే చట్టం 2008లో ఉమ్మడి రాష్ట్రంలోనే వచ్చింది. కేసు పెట్టాల్సింది ఆసుపత్రి. ‘రాజీ పడిపోదాం’ అని నర్సుతోనే సంతకం పెట్టించే చోట చట్టం ఉన్నా లేనట్టే. అయితే కోపాలు చాలావరకు చావు వల్ల కంటే కబురు లేకపోవడం వల్ల వస్తాయి. ‘సిస్టరు గారండీ, మా నాన్నకి ఆయాసం ఎక్కువైందండీ’ అని మూడుసార్లు చెప్పినా ఎవరూ మంచం దగ్గరికి రాకపోతే, తర్వాత ఏం చెప్పినా ఆ కొడుకు వినడు. ఒక్కసారి వచ్చి, నిమిషం నిలబడి, ‘డాక్టరు గారికి ఫోను చేశానండి, వస్తున్నారు’ అంటే అదే మనిషి రాత్రంతా ఓపిక పడతాడు.

ఫోను ఎప్పుడు చేయాలి

రాత్రి రెండు గంటలకు డాక్టరును నిద్రలేపడానికి నర్సు జంకుతుంది. ‘ఇంతమాత్రానికి ఫోనా?’ అని ఒక్కసారి చీవాట్లు తిన్నవాళ్లు రెండోసారి తెల్లారే దాకా ఆగుతారు. దీనికి మందు గోడ మీద అంటించిన ఒక కాగితం. ఊపిరి 25 లేదా అంతకన్నా ఎక్కువ, లేదా 8 అంతకన్నా తక్కువ. పై బీపీ 90 అంతకన్నా తక్కువ. నాడి 130 దాటడం. కొత్తగా మగత లేదా తికమక. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా నర్సు ఫోను చేయాలి, డాక్టరు రావాలి, అని సూపరింటెండెంట్ సంతకంతో ఉండాలి. అప్పుడు ఫోను చేసింది సిస్టరు సొంత ధైర్యంతో కాదు, ఆసుపత్రి నియమంతో.

ఫోనులో చెప్పే తీరు కూడా ముందే అనుకుని ఉండాలి. ‘సార్, పన్నెండో బెడ్ పేషెంట్ బాగాలేడు’ అంటే అవతలివైపు నుంచి ‘సెలైను పెట్టు, పొద్దున చూస్తా’ అని వస్తుంది. ‘సార్, పన్నెండో బెడ్, అరవై రెండేళ్లాయన, మూడు రోజుల కింద కడుపు ఆపరేషన్. సాయంత్రం ఊపిరి 18, ఇప్పుడు 28. బీపీ 100, నాడి 118, ఒళ్లు వేడిగా ఉంది. ఇన్ఫెక్షన్ పాకుతోందనిపిస్తోంది. మీరు వచ్చి చూడాలి’ అంటే కాదనడం కష్టం. ఫోను చేసిన టైము, ఎత్తిన టైము, వచ్చిన టైము కేస్ షీట్‌లో రాయాలి. ఇరవై నిమిషాల్లో రాకపోతే ఆ పైవారికి ఎవరికి చేయాలో ఆ నంబరూ అదే కాగితం మీద ఉండాలి.

ఛార్జి ఇచ్చేటప్పుడు డెస్కు దగ్గర రిజిస్టరు చదవడం మాని, మంచాల మధ్య నడుస్తూ చెప్పాలి. బాగున్నవాళ్ల దగ్గర పది సెకన్లు, బాగాలేనివాళ్ల దగ్గర రెండు నిమిషాలు. కాన్యులా చుట్టూ ఎర్రబడిందా, మూత్రం సంచిలో ఎంతుంది, సెలైనులో ఏం కలిపారు అన్నవి కళ్లతో చూసి అప్పజెప్పాలి. వెళ్లే సిస్టరు, వచ్చిన సిస్టరు ఇద్దరూ కలిసి బాగాలేనివాళ్ల ఊపిరి లెక్కపెట్టి అంకె రాయాలి. నలభై మందిలో అలాంటివాళ్లు ఐదారుగురికి మించి ఉండరు, అంటే ఐదారు నిమిషాలు. అందరికీ లెక్కపెట్టే తీరిక వచ్చే దాకా కనీసం వాళ్లకైనా అది జరగాలి. మిగతావాళ్ల దగ్గర లెక్కపెట్టకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయమని ఇన్‌ఛార్జి సిస్టరే చెప్పాలి. నెలాఖరున ఏ డ్యూటీలో ఎన్ని గడులు ఖాళీగా ఉన్నాయో చూస్తే, ఆ వార్డుకు ఎంతమంది నర్సులు తక్కువో సూపరింటెండెంటుకు కాగితం మీదే తెలుస్తుంది.